కటాఫ్ టెన్షన్, కొంచెం స్టోయిక్ తత్వం

ప్రిలిమ్స్ రాసి బయటికొచ్చిన సాయంత్రం నుంచే అసలు పరీక్ష మొదలవుతుంది, మీకు తెలియనిది కాదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఒక్కో కోచింగ్ సెంటర్ ఒక్కో జవాబుల కీ పెడుతుంది. ఒక కీలో మనం గట్టెక్కుతాం, ఇంకో కీలో మునుగుతాం. 'ఈసారి కటాఫ్ పెరుగుతుందట' అని ఎవరో ఒక మాట వదులుతారు, ఆ రాత్రికి నిద్ర గోవిందా. మెయిన్స్ పుస్తకం ముందున్నా చూపు ఫోన్ మీదే ఉంటుంది.

నేను స్టోయిక్కుల (ప్రాచీన గ్రీకు, రోమన్ తత్వవేత్తల్లో ఒక వర్గం) జోలికి వెళ్లింది మార్కుల కోసం, మనశ్శాంతి కోసమేం కాదు. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి 250 మార్కుల ఎథిక్స్ పేపర్ ఉంది కదా, దాని నోట్స్ కోసం వాళ్లలో ఒకరైన ఎపిక్టెటస్‌ను తిరగేశాను. పుట్టుకతో బానిస. స్వేచ్ఛ వచ్చాక రోమ్‌లో పాఠాలు చెప్పుకుంటుంటే, చక్రవర్తి డొమిషియన్ తత్వవేత్తలందరినీ వెళ్లగొట్టాడు. ఆయన గ్రీసులోని నికోపొలిస్‌కు వెళ్లి అక్కడ బడి పెట్టుకున్నాడు. స్వయంగా ఏమీ రాయలేదు. ఏరియన్ అనే శిష్యుడు రాసిపెట్టిన క్లాస్ నోట్సే మనకు మిగిలింది.

వాటి సారంగా కూర్చిన 'ఎన్‌కైరిడియన్' మొదటి పేరాలోనే లెక్క తేల్చేస్తాడు. మన అభిప్రాయాలు, ఏం చేయాలనే నిర్ణయం, ఇష్టాయిష్టాలు మన చేతిలోవి. ఒళ్లు, ఆస్తి, పరువు, పదవి మన చేతిలో లేనివి. పదవి! మనం ఏళ్ల తరబడి రూముల్లో మగ్గేదే దాని కోసం.

చదవగానే చిరాకేసింది. చేతిలో లేనిదానికి ఇంత ఫీజు ఎందుకు కట్టినట్టు? జవాబు రోమన్ రచయిత సిసిరో రాసిపెట్టిన ఒక స్టోయిక్ ఉదాహరణలో దొరికింది. విలుకాడు సూటిగా గురిపెట్టడానికి చేయాల్సిందంతా చేస్తాడు. అతని పని అక్కడితో సరి, బాణం తగలడం వేరే సంగతి. గీతలో ఉన్నదీ ఇదేగా అంటారేమో. దగ్గరిదే, కాకపోతే చిన్నప్పటి నుంచి విని విని ఆ శ్లోకం నా చెవికి ఎక్కడం మానేసింది.

దీన్ని ప్రాథమిక కీ వచ్చిన రోజున వాడి చూశాను. తప్పనిపించిన ప్రశ్నకు ప్రామాణిక పుస్తకంలో ఆధారం వెతికి, పేజీ ఫొటో తీసి, గడువులోగా అభ్యంతరం పెట్టడం నా పని. పెట్టాక ఫైనల్ కీ ఏమవుతుందో నా పని కాదు. 'మన చేతిలో ఏముందిలే' అని అభ్యంతరం పెట్టకుండా కూర్చుంటే మాత్రం దానికి స్టోయిక్కుల పేరు పెట్టొద్దు, అది శుద్ధ బద్ధకం. కోర్టు కేసు పడితే వాయిదా ఎప్పుడో అని రోజంతా వెతకడం కూడా ఆ లెక్కలోదే. ఆ సమయంలో ఒక ఎస్సే రాసుకోవచ్చు.

ఇంకో స్టోయిక్ సెనెకా ఒక ఉత్తరంలో మిత్రుడు లూసిలియస్‌కు చెప్తాడు: కొన్నాళ్లు తక్కువ తిండితో, ముతక బట్టతో గడిపి, 'నేను భయపడింది దీనికేనా?' అని అడుగు అని. రోమన్ చక్రవర్తి నీరోకు సలహాదారుగా ఉన్న మహా సంపన్నుడాయన, అందుకే ఆ పేదరికం ప్రాక్టీసు మీద నాకు కొంచెం అనుమానమే. మెస్ బిల్లు చూసుకుంటూ తినే మనకు అది వేరే నేర్పక్కర్లేదు. ఆ ప్రశ్న మాత్రం పనికొచ్చింది. 'ఉద్యోగం రాకపోతే?' అన్నదాన్ని కాగితం మీద పూర్తిగా రాశాను. వయోపరిమితి ఎంత మిగిలింది, ఇంకే నోటిఫికేషన్లకు అర్హత ఉంది, నాన్నకు ఏం చెప్పాలి, పెళ్లిళ్లలో 'ఇంకా చదువుతూనే ఉన్నావా?' అనే చుట్టాలకు ఏం చెప్పాలి. చివరిదానికి తప్ప అన్నిటికీ ఏదో ఒక దారి కనిపించింది.

వారాల తరబడి నిద్రా తిండీ పోయినా, బతకాలని లేదనిపించినా సెనెకాను పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

చదవాలనుకుంటే 'ఎన్‌కైరిడియన్'తో మొదలుపెట్టండి. యాభై పైచిలుకు చిన్న భాగాలు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. స్టోయిక్ అయిన రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ తన కోసం తాను రాసుకున్నాడు కాబట్టి చెప్పిందే చెప్తాడు, ఆయన్ని మెయిన్స్ అయ్యాక చూసుకోవచ్చు.