దోస్త్ జాబితాలో ఉన్న గ్రూపు, తరగతిలో ఉన్న గ్రూపు: బీఏ సీటు కోసం నా అనుభవం

బీఏలో చరిత్ర, రాజనీతి శాస్త్రం చదవాలంటే ఏం చేయాలని తెలంగాణలో ఎవరిని అడిగినా ‘దోస్త్‌లో పెట్టుకో’ అని, అంటే డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోమని, ఒక్క మాటలో చెప్పేస్తారు. పెట్టుకోవడానికి నిజంగానే అరగంట చాలు. నేను పెట్టుకున్న గ్రూపు తరగతి గదిలో పాఠంగా మొదలు కావడానికి మాత్రం 2022 జూలై నుంచి నవంబరు దాకా పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఎక్కడెక్కడ ఆగిపోయానో, ఏమేమి ముందే అడిగి తెలుసుకోవలసి ఉండి అడగలేదో చెబితే, నాలాగా ఎంపీసీ నుంచి ఇటువైపు రావాలనుకునే వారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది హనుమకొండకు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఊరు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పాపానికి నన్ను ఎంపీసీలో చేర్పించారు. రెండో భాషగా సంస్కృతం ఇచ్చారు. ఇష్టాయిష్టాలతో పని లేకుండా మార్కుల కోసం అక్కడ అందరికీ అదే ఇస్తారు. రెండో సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం వేయిస్తంభాల గుడికి వెళ్లి, ప్రాంగణంలో ఉన్న రుద్రదేవుడి శాసనం ముందు చాలాసేపు నిలబడ్డాను. 1163 నాటి ఆ శాసనం భాష ప్రధానంగా సంస్కృతం, లిపి మాత్రం పాత తెలుగు-కన్నడ లిపి. సంస్కృతంలో నూటికి 99 మార్కులు తెచ్చుకున్న నేను అందులో ఒక్క ముక్క చదవలేకపోయాను. పశ్చిమ చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాకతీయులు స్వతంత్రులైన సంగతి చెప్పేది ఆ రాతిపలకేనని తర్వాత తెలిసింది. చరిత్ర మీద ఇష్టం ఆ రోజే పుట్టిందని చెప్పలేను గానీ, నేను మార్కులు తెచ్చుకున్నాను తప్ప చదువుకోలేదన్న అనుమానం మాత్రం అక్కడే బలపడింది.

జూన్ 28న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఇంజనీరింగు వద్దు, బీఏ చేస్తానని చెప్పినప్పుడు బాపు కోప్పడలేదు, కానీ నమ్మలేదు. “బీఏ జేసి ఏం జేస్తవ్ బిడ్డా? మన ఊర్లె బీఏ చదివినోళ్లు ఇద్దరే ఉన్నరు, ఇద్దరూ ఆటోలే నడుపుతున్నరు” అన్నాడు. శాసనం సంగతి చెబితే విననట్టే ఊరుకున్నాడు. ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 ప్రకటన వచ్చిందని, ఆ పరీక్షలో చరిత్ర, రాజ్యాంగం, పాలన గురించే ఎక్కువగా అడుగుతారని చెబితే మెత్తబడ్డాడు. ఆ పరీక్ష రాయాలంటే ముందు డిగ్రీ పూర్తి కావాలన్న మాటను నేనూ అప్పుడు గట్టిగా చెప్పలేదు.

మొదట నేను ఆశ పెట్టుకున్నది హైదరాబాదు విశ్వవిద్యాలయం మీద. అక్కడ ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల సమీకృత ఎంఏ ఉంది. చరిత్ర, రాజనీతి శాస్త్రం, సమాజ శాస్త్రం, ఆర్థిక శాస్త్రం వంటివాటిలో ఒక విభాగాన్ని ఎంచుకుని పీజీ దాకా ఒకే చోట చదువుకోవచ్చు. ఆ విశ్వవిద్యాలయం పుట్టుకే ఒక రాజకీయ చరిత్ర. ప్రత్యేక తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒక సూత్రం. 32వ రాజ్యాంగ సవరణతో 371-ఇ అధికరణం చేర్చి, 1974లో పార్లమెంటు చట్టంతో దానిని స్థాపించారు. నేను పరీక్షకు చదువుతుండగా ఈ సంగతి తెలిసి, సీటు వచ్చినంత సంబరపడ్డాను.

సీటు మాత్రం రాలేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష మొదలైంది ఆ సంవత్సరమే. ఇంగ్లిషు, చరిత్ర, రాజనీతి శాస్త్రం, జనరల్ టెస్ట్ పెట్టుకున్నాను. ఇంటర్‌లో చదవని సబ్జెక్టులలో పరీక్ష రాయడం తప్పు కాదని తెలిసి ధైర్యం చేశానే గానీ, ప్రశ్నలన్నీ ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకాల నుంచి వస్తాయని, మన ఇంటర్ హెచ్‌ఈసీ (చరిత్ర, ఆర్థిక శాస్త్రం, పౌరశాస్త్రం) పుస్తకాల వరస వేరని ఆలస్యంగా గ్రహించాను. హరప్పా ఇటుకల కొలతల నుంచి రాజ్యాంగ సభ చర్చల దాకా ఉన్న పాఠాలను ఇరవై రోజుల్లో మింగేశాను. ఆ ఏడాది చరిత్ర, రాజనీతి శాస్త్రం వంటి సబ్జెక్టుల్లో 50 ప్రశ్నలలో 40 రాయాల్సి ఉండేది, సమయం 45 నిమిషాలు, సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. తెలియనివాటికి కూడా గుడ్డిగా ఏదో ఒక జవాబు పెట్టేసే ఎంసెట్ అలవాటు నా కొంప ముంచింది. అయితే సెప్టెంబరు మధ్యలో ఆ ఫలితం వచ్చేదాకా ఖాళీగా కూర్చోకుండా దోస్త్‌లో కూడా నమోదు చేసుకున్నాను కాబట్టి సంవత్సరం వృథా కాలేదు.

దోస్త్ అంటే డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్ తెలంగాణ. 2016 నుంచి రాష్ట్రంలోని సాంప్రదాయ డిగ్రీ కోర్సులన్నింటిలో చాలా వరకు ప్రవేశాలు దాని ద్వారానే జరుగుతున్నాయి. 2022లో నమోదు రుసుము మొదటి విడతలో 200 రూపాయలు, తర్వాతి విడతల్లో అయితే 400. నా మొదటి చిక్కు ఫోను నంబరు దగ్గర వచ్చింది. నా ఆధార్‌కు అనుసంధానమై ఉన్న నంబరు ఎప్పుడో మా అన్న వాడి పారేసిన సిమ్ కార్డుది. మీసేవలో కొత్త నంబరు ఎక్కించుకుని, అది ఆధార్‌లో నమోదయ్యేదాకా ఆగవలసి వచ్చింది. రెండో చిక్కు ఆదాయ ధ్రువపత్రం. బోధన రుసుము తిరిగి రావాలంటే ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది ఉండాలి, మా దగ్గరున్నది పాతది. తహసీల్దారు కార్యాలయంలో ఆ పత్రం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఫలితాలు రాకముందే తెచ్చి పెట్టుకోవలసిన కాగితాలు అవి.

అసలు పని వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే కావలసిన కళాశాలలను, గ్రూపులను వరసగా ఎంచుకునే చోట, మొదలైంది. చరిత్ర అనే ఒక కోర్సు, రాజనీతి శాస్త్రం అనే ఒక కోర్సు విడివిడిగా ఉంటాయని నేను అనుకున్నాను. జాబితాలో ఉన్నవి మూడేసి సబ్జెక్టుల గ్రూపులు. చరిత్ర, ఆర్థిక శాస్త్రం, రాజనీతి శాస్త్రం కలిస్తే హెచ్‌ఈపీ. ఆర్థిక శాస్త్రం స్థానంలో ప్రభుత్వ పాలనా శాస్త్రం వస్తే హెచ్‌పీపీ. చరిత్ర తీసేసి ఆర్థిక శాస్త్రం పెడితే ఈపీపీ. వీటికి తోడు జర్నలిజంతో, కంప్యూటర్ అప్లికేషన్స్‌తో, తెలుగు సాహిత్యంతో కలిపినవి ఉన్నాయి. ప్రతి గ్రూపూ తెలుగు మాధ్యమానికి ఒకసారి, ఇంగ్లిషు మాధ్యమానికి ఒకసారి కనిపిస్తుంది. రూళ్ల నోటుపుస్తకంలో గీతలు కొట్టి కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలు ఒకవైపు, గ్రూపులు ఒకవైపు రాసుకునేసరికి మూడు పేజీలు నిండాయి.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల కరపత్రాల్లో గొప్పగా కనిపించే ‘గ్లోబల్ స్టడీస్’ కోసం కూడా వెతికాను. నేను చూసిన కళాశాలల్లో ఆ పేరుతో ఏ గ్రూపూ లేదు. ఒక కళాశాలలో రాజనీతి శాస్త్రం చెప్పే మేడమ్‌ను అడిగితే నవ్వి, “పేరు లేదు గానీ సరుకు ఉందమ్మా. అంతర్జాతీయ సంబంధాలు రాజనీతి శాస్త్రంలో వస్తాయి, ప్రపంచ చరిత్ర చరిత్రలో వస్తుంది. రెండూ ఉన్న గ్రూపు తీసుకుంటే నువ్వు అడిగేది దాదాపు వచ్చినట్టే” అన్నారు. ఈపీపీని నా జాబితాలో కిందికి, హెచ్‌పీపీని పైకి జరిపింది ఆ ఒక్క మాటే. సిలబస్ చూసి గ్రూపు ఎంచుకోవాలని, గ్రూపు పేరు చూసి కాదని నాకు చెప్పిన మొదటి మనిషి ఆవిడ.

కోఠి మహిళా కళాశాల కూడా మనసులో ఉండేది. 2022లోనే అది మహిళా విశ్వవిద్యాలయంగా మారింది. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం ఉన్న ఆవరణలో కూర్చుని వలసపాలన చరిత్ర చదవడం కంటే కావలసింది ఏముంటుంది? కానీ హాస్టల్ ఖర్చు లెక్క వేసిన తర్వాత ఆ ఆప్షన్‌ను నేనే తీసేశాను.

ఈలోగా మా ఇంటికి ఒక ప్రైవేటు కళాశాల తరఫున ఒకాయన వచ్చాడు. ఊళ్లో ఇంటర్ పాసైన వాళ్ల పేర్లన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. చాయ్ తాగుతూ, బస్సు పాసు తామే ఇప్పిస్తామని, ఆప్షన్లు కూడా తామే పెట్టేస్తామని, ఫోనుకు వచ్చే ఓటీపీ చెబితే చాలని బాపుతో అన్నాడు. మెమో నకలు అప్పటికే ఆయన సంచిలోకి వెళ్లిపోయింది. ఓటీపీ నా ఫోనుకు వచ్చింది, నేను చెప్పలేదు. మా పక్క వీధిలోని నా స్నేహితురాలు మాత్రం తన ఓటీపీ చెప్పేసింది. ఆమె లాగిన్‌లో ఆ ఒక్క కళాశాలే, అందులో ఆమె అడగని బీకాం కంప్యూటర్సే ఆప్షన్‌గా పడ్డాయి. తెలిసేసరికి మొదటి విడత గడువు దాటిపోయింది, 400 కట్టి రెండో విడతలో మార్చుకుంది.

ఆగస్టులో మొదటి కేటాయింపులో నాకు ఒక ప్రభుత్వ కళాశాలలో ఈపీపీ వచ్చింది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటి ఉంది. వచ్చిన సీటు నచ్చలేదని వదిలేయకూడదు. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి దాన్ని నిలుపుకుని, తర్వాతి విడతలో మెరుగైన దానికోసం మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కొత్తది వస్తే పాతది దానంతట అదే పోతుంది, రాకపోతే పాతది ఉంటుంది. నేను అలాగే చేశాను. రెండో విడతలో అదే కళాశాలలో ఇంగ్లిషు మాధ్యమం హెచ్‌పీపీ వచ్చింది. ఇంట్లో సేమియా పాయసం కూడా చేశారు.

సెప్టెంబరులో కళాశాలకు వెళ్లి టీసీ, మెమోలు ఇచ్చినప్పుడు గుమాస్తా నా పేరు ఎదురుగా చిన్న చుక్క పెట్టాడు. ఎందుకని అడిగితే, “చూద్దాంలే అమ్మా, సెక్షన్ నడుస్తదో లేదో” అన్నాడు. ఇంగ్లిషు మాధ్యమం హెచ్‌పీపీలో చేరినవాళ్లం మొత్తం ఏడుగురం. ఏడుగురి కోసం విడిగా సెక్షన్ నడపడం కుదరదని, తెలుగు మాధ్యమంలోకి మారితే ఇవే సబ్జెక్టులు దక్కుతాయని, ఇంగ్లిషు మాధ్యమమే కావాలంటే బీకాం చూసుకోవాలని ప్రిన్సిపాల్ చెప్పారు. కళాశాల మారకుండా గ్రూపు గానీ మాధ్యమం గానీ మార్చుకోవడానికి చివర్లో ‘ఇంట్రా కాలేజ్’ అని ఒక విడత ఉంటుంది. ఏడుగురిలో నలుగురు బీకాంకు పోయారు, ముగ్గురం తెలుగుకు వచ్చాం.

ఇదంతా నేను జూలైలోనే తెలుసుకోగలిగే సంగతి. ఆప్షన్లు పెట్టకముందు అదే కళాశాలకు వెళ్లాను, భవనం చూశాను, గ్రంథాలయం చూశాను. నోటీసు బోర్డు మీద నిరుటి టైంటేబుల్ ఉంది, దాన్ని చదవలేదు. అందులో ఇంగ్లిషు మాధ్యమం హెచ్‌పీపీ అనే వరసే లేదు. జాబితాలో ఉన్న గ్రూపుకు తరగతి జరుగుతుందో లేదో చెప్పే కాగితం అదొక్కటే. దానితోపాటు మొదటి సంవత్సరంలో ఎంతమంది ఉన్నారు, చరిత్రకు, రాజనీతికి రెగ్యులర్ అధ్యాపకులు ఉన్నారా, అతిథి అధ్యాపకులా అని కూడా అడగవలసింది. రాజనీతి శాస్త్రానికి అతిథి అధ్యాపకుల నియామకం తేలకపోవడంతో అక్టోబరు నెలంతా ఆ గంటలో మేము చెట్టు కిందే ఉన్నాం.

తెలుగు మాధ్యమం గురించి మొదట్లో బాధపడ్డాను. నవంబరు మొదటి వారంలో సార్ వచ్చి తొలి పాఠంగా బల్ల మీద రెండు మాటలు రాశారు: రాజ్యం, రాష్ట్రం. ఇంగ్లిషులో ఈ రెండింటికీ ‘స్టేట్’ అనే ఒక్క మాటే వాడతారని, అందుకే రాజనీతి శాస్త్రంలో చెప్పే రాజ్యానికీ తెలంగాణ అనే రాష్ట్రానికీ తేడా చెప్పడానికి ఇంగ్లిషు పుస్తకం సగం పేజీ ఖర్చు చేస్తుందని అన్నారు. సార్వభౌమాధికారం ఉన్నది రాజ్యం, లేనిది రాష్ట్రం. నేను సీయూఈటీకి చదివిన ఇంగ్లిషు నోట్సు తీసి చూసుకుంటే, ఆ రెండు అర్థాలనూ కలగాపులగం చేసి రాసుకున్న చోట్లు మూడు కనిపించాయి. రెండో భాషగా కూడా ఈసారి తెలుగే తీసుకున్నాను.

చివరి పని ఈపాస్‌లో ఉపకార వేతనం దరఖాస్తు. వేలిముద్ర వేయడానికి మీసేవకు వెళ్లాను. తెర మీద కోర్సు పేరు చూసి ఆపరేటర్ అన్న, “హెచ్‌పీపీ అంటే ఏంది చెల్లె? పీ రెండుసార్లు పడ్డట్టుంది, తప్పా?” అని అడిగాడు. ఒకటి రాజనీతి, ఒకటి పాలన అని చెప్పాను. “హెచ్ అంటే?” అన్నాడు. చరిత్ర అన్నాను. మూడుసార్లు తుడిచి పెట్టాక గానీ నా బొటనవేలు పడలేదు. రసీదు చేతికిస్తూ, తన తమ్ముడు కూడా ఇంటర్ రెండో సంవత్సరమేనని, ఆ కాలేజీలో ఈ గ్రూపు నడుస్తున్నదా అని అడిగాడు. ఫోనులో ఉన్న టైంటేబుల్ ఫొటో తీసి చూపించాను.