గుండె మాత్రకి దగ్గు మాత్ర తోడైతే నాకేమైందంటే

నాకు ఇచ్చిన రెండు మందులూ మంచివే. రెండిటికీ అనుమతులున్నాయి, రెండూ కోట్ల మంది వాడుతున్నవే, విడివిడిగా చూస్తే రెండూ నా జబ్బులకి సరైనవే. కాకపోతే ఆ డోసుల్లో ఆ రెండూ ఒకే వారంలో ఒకే ఒంట్లో పడకూడదు. ఈ సంగతి చదువుకున్నవాళ్లు నాకు వైద్యం చేసినవాళ్లలో ఉన్నారు, కానీ నేను ఆసుపత్రిలో పడేదాకా నా మాత్రలన్నీ ఒకచోట పెట్టి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేకపోయారు. అది మనసులో పెట్టుకునే ఇదంతా రాస్తున్నా.

మాది అనంతపురం. ప్రభుత్వ బడిలో టీచర్ని, రోజూ బస్సులో శింగనమల వైపు వెళ్లొస్తుంటాను. ఆమధ్య గుండె రక్తనాళం ఒకటి మూసుకుపోతే బెంగళూరులో స్టెంట్ వేశారు. అప్పట్నుంచి రాత్రిపూట అటోర్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు, దాంతోపాటు రక్తం పలచబడటానికి ఒకటి, బీపీకి ఒకటి. అటోర్వాస్టాటిన్ అంటే అందరూ కొలెస్ట్రాల్ మాత్ర అంటారే, అదే. అందులో 80 అన్నింటికన్నా పెద్ద డోసు, స్టెంట్ పడినవాళ్లకి అంత ఇవ్వడం మామూలే. దాంతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు, పొద్దున్నే నడక, బడి, ఇంటిపని, అన్నీ మామూలుగానే సాగుతుండేవి.

పోయిన చలికాలం దగ్గు పట్టుకుంది. రాత్రంతా దగ్గు, పక్కటెముకల్లో నొప్పి, కొంచెం జ్వరం. ఊళ్లోనే ఒక క్లినిక్‌కి వెళ్లాను. "సార్, గుండెకి మాత్రలు వాడుతున్నాను" అని నేనే చెప్పాను. "పర్లేదమ్మా, అవి వాడుకుంటూనే ఉండండి" అన్నారు, ఏ మాత్రలు, ఎంత డోసు అని మాత్రం అడగలేదు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ 500, పొద్దున ఒకటి రాత్రి ఒకటి రాసిచ్చారు. మందుల షాపులో అబ్బాయి స్ట్రిప్పుని కత్తెరతో కత్తిరించి ఇచ్చాడు. ఆ ముక్క మీద మందు పేరులో చివరి అక్షరాలు, నిలువునా ఎర్రగీత, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని సన్నటి అక్షరాల్లో హెచ్చరికలో సగం, అంతే మిగిలాయి. డబ్బాలో మడతలు పెట్టి ఉండే కాగితం షాపులోనే ఉండిపోయింది. ఏ మందుతో కలపకూడదో వివరంగా ఉండేది ఆ కాగితంలోనే.

కోర్సు సగం అయ్యేసరికి దగ్గు తగ్గింది, తొడలు పట్టేశాయి. జ్వరం తాలూకు ఒళ్లునొప్పులే అని మా అత్తమ్మ కొబ్బరినూనె కాచి రాసింది. మర్నాటికి భుజాలు కూడా. జడ వేసుకుందామని చేతులు పైకెత్తితే పైన నిలవట్లేదు, మా అమ్మాయి వచ్చి వేసింది. బస్సు మెట్టు ఎక్కుతుంటే కాలు లేవలేదు, కండక్టర్ చెయ్యి పట్టుకుని లాగాడు. నొప్పి అంటే మామూలు నొప్పి కాదు, కండ ఎక్కడ నొక్కినా ప్రాణం పోయినట్టుంది. ఆ సాయంత్రం మూత్రం ముదురు గోధుమ రంగులో, దాదాపు నల్లగా వచ్చింది. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన ఏమీ మాట్లాడకుండా చొక్కా తొడుక్కుని ఆటో కోసం బయటికి పరిగెత్తారు.

ఆసుపత్రిలో మొదట అందరూ కిడ్నీలో రాయేమో, ఇన్‌ఫెక్షనేమో అనుకున్నారు. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న పిల్ల, మా అమ్మాయికన్నా నాలుగైదేళ్లు పెద్దదేమో. మూత్రం రిపోర్టు పట్టుకుని మంచం దగ్గర చాలాసేపు నిలబడింది. "మేడమ్, స్ట్రిప్ టెస్టులో రక్తం బాగా ఉందని వచ్చింది, మైక్రోస్కోపులో చూస్తే ఎర్రకణాలు ఒక్కటీ లేవు. మీకు కండరాలు నొప్పిగా ఉన్నాయా?" అని అడిగింది. ఆ పిల్ల అడిగిన ఆ ప్రశ్నే నా కిడ్నీలు కాపాడిందని నా నమ్మకం. కండరం చితికిపోయినప్పుడు అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకొచ్చి మూత్రంలో దిగుతుంది, స్ట్రిప్ టెస్టు దాన్ని కూడా రక్తమనే చూపిస్తుంది. వెంటనే కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీపీకే అనే రక్తపరీక్షకి పంపింది. మామూలుగా 200 లోపు ఉండాల్సింది 40,000 దాటి వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.6, అదీ ఎక్కువే. కండరాలు ఇట్లా చితికిపోవడాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారట.

"ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెప్పించండి, పాతవీ కొత్తవీ, కత్తిరించిన ముక్కలు కూడా" అంది. మా ఆయన క్యారీబ్యాగ్‌లో అన్నీ వేసుకొచ్చి దుప్పటి మీద పోశారు. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసి, అటోర్వాస్టాటిన్ స్ట్రిప్పునీ ఆ కత్తిరించిన ముక్కనీ మాత్రం తీసి పక్కపక్కన పెట్టింది. ఆ రెండూ ఆ నిమిషమే ఆపేశారు. బెంగళూరు డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడి మిగతా గుండె మందులు కొనసాగించారు.

తర్వాత ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. అటోర్వాస్టాటిన్‌ని పేగుల్లో, కాలేయంలో ఉండే సీవైపీ3ఏ4 అనే ఎంజైము విరగ్గొట్టి బయటికి పంపేస్తుంటుంది. క్లారిత్రోమైసిన్ ఆ ఎంజైముని పట్టేస్తుంది. మన చెరువుకి పైనుంచి నీళ్లు ఎప్పటిలాగే వస్తూ కింద తూము మూసేస్తే ఎట్లా ఉంటుందో అట్లా. నేను వేసుకున్నది అదే మాత్ర, అదే 80, కానీ రెండూ కలిపి వాడితే రక్తంలో చేరే మందు నాలుగు రెట్లకు పైగా పెరుగుతుందని పరీక్షల్లో తేలిన సంగతే. అందుకే క్లారిత్రోమైసిన్ వాడేటప్పుడు అటోర్వాస్టాటిన్ 20 దాటకూడదని అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఆమోదించిన లేబుల్‌లోనే రాసుంది. అదే జాతి యాంటీబయోటిక్ అజిత్రోమైసిన్ ఈ ఎంజైము జోలికి పెద్దగా పోదు.

మంచం మీద ఉన్నన్నాళ్లూ ఒకటే పని: సెలైన్. రాత్రీ పగలూ ఎక్కుతూనే ఉండేది, ఎంత మూత్రం వచ్చిందో సిస్టర్ కొలిచి రాసుకునేది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుందని ఈసీజీ తీసేవాళ్లు. డయాలసిస్ అన్న మాట ఒకటి రెండుసార్లు గుమ్మం బయట వినపడింది, ఆ టెన్షన్‌కి నాకు నిద్ర పట్టేది కాదు. అదృష్టం కొద్దీ ఆ అవసరం రాలేదు. మూత్రం రంగు తేలికైంది, సీపీకే రోజుకి దాదాపు సగం చొప్పున పడిపోతూ వచ్చింది, క్రియాటినిన్ కూడా మెల్లగా దిగింది. ఇంటికొచ్చాక మాత్రం చాలా ఓపిక కావాల్సి వచ్చింది. కుక్కర్ ఎత్తలేను, నేల మీద కూర్చుంటే లేవలేను. ముందు గోడ పట్టుకుని, తర్వాత పట్టుకోకుండా, తర్వాత వీధి చివరిదాకా నడిచాను.

ఆ రోజుల్లోనే పాత సంగతులు వెతికి చదివాను. సెరివాస్టాటిన్ అని ఇంకో స్టాటిన్, అంటే అటోర్వాస్టాటిన్ జాతి కొలెస్ట్రాల్ మాత్ర, ఉండేది. 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2001 ఆగస్టులో బేయర్ కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికి నాకొచ్చిన ఈ జబ్బుతోనే ప్రపంచవ్యాప్తంగా 52 మంది చనిపోయినట్టు లెక్క తేలింది, వాళ్లలో కొందరు దాంతోపాటు రక్తంలో కొవ్వు తగ్గించే జెమ్‌ఫైబ్రోజిల్ అనే ఇంకో మందు వాడినవాళ్లు. అంతకుముందు టెర్ఫెనడిన్ అనే ఎలర్జీ మాత్ర, 1985లో అమెరికా మార్కెట్లోకొచ్చింది. దాన్ని మార్చేది కూడా ఈ సీవైపీ3ఏ4 ఎంజైమే. ఫంగస్‌కి వాడే కీటోకోనజోల్‌తోనో, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్‌తోనో కలిపితే గుండె లయ తప్పి మనుషులు పోయారు, 1992లో లేబుల్ మీద పెట్టె గీసి అందులో గట్టి హెచ్చరిక పెట్టారు, 1998కల్లా అక్కడి మార్కెట్ నుంచే పోయింది. అది ఒంట్లో మారి అయ్యే ఫెక్సోఫెనడిన్‌నే ఇప్పుడు మనం తుమ్ములకి వాడుతున్నాం. అనుమతి ఇచ్చేముందు చేసే పరీక్షల్లో పాల్గొనేవాళ్లు చాలావరకు ఎంచుకున్న మనుషులు, మన ఇళ్లలో పెద్దవాళ్లలాగా అయిదారు రకాల మాత్రలు మింగేవాళ్లు తక్కువ. కాబట్టి కొన్ని సంగతులు మందు జనంలోకి వచ్చాకే బయటపడతాయి, అది అర్థం చేసుకోగలను. నా విషయంలో అట్లా కాదే. ఇది ఎప్పుడో బయటపడి, అచ్చయి, లేబుల్ మీదికి ఎక్కిన హెచ్చరిక. నా దగ్గరికి రాలేదంతే, నా బాధ అక్కడ.

మందుల షాపులో లైసెన్సు మీద పేరున్న ఫార్మసిస్టు కౌంటర్ దగ్గర ఉండి "అమ్మా, ఇంకేం మాత్రలు వాడుతున్నారు?" అని అడగాలి. చట్టం ఆయన్ని అక్కడ ఉండమన్నది ఊరికే బిల్లు కొట్టడానికి కాదు. దగ్గు ఒక్కటే కాదు, మన వైపు ఎండలకి చెమటకి తామర అందరికీ వస్తుంది, దానికి ఇట్రాకోనజోల్ వారాల తరబడి రాస్తున్నారు, అది కూడా ఇదే ఎంజైముని గట్టిగా పట్టేసే మందు. చర్మం డాక్టరు దగ్గర గుండె మాత్రల సంగతి చెప్పాలని ఎంతమందికి తోస్తుంది? నేనిప్పుడు పర్సులో ఒక కాగితం పెట్టుకున్నా, మందు పేరు, డోసు, ఏ పూట, ఎవరు రాశారు. ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా నోటితో చెప్పను, కాగితమే బల్ల మీద పెడతా.

ఇంకొక పని కూడా చేశాం. మందు వల్ల ఇట్లా జరిగితే ప్రభుత్వానికి చెప్పే ఏర్పాటు ఉంది, 2010 నుంచి నడుస్తున్న ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. 1800-180-3024 ఉచిత నంబరు. డాక్టర్లే కాదు, వాడినవాళ్లు కూడా చెప్పొచ్చు. మా అమ్మాయి ఫారం నింపి పంపింది.

నా కథ విని మా మేనమామ తన స్టాటిన్ మానేశాడు. ఆయనకి రెండు స్టెంట్లున్నాయి. ఫోన్ చేసి గట్టిగానే పోట్లాడాను, "మామా, నాకొచ్చింది చాలా అరుదు, అదీ రెండు మందులు కలవబట్టి వచ్చింది, నువ్వు మాత్ర మానేస్తే గుండెపోటు మాత్రం అరుదు కాదు" అన్నాను. మళ్లీ మొదలుపెట్టాడు. నేనూ మొదలుపెట్టాను. సీపీకే పూర్తిగా మామూలయ్యాక బెంగళూరు డాక్టరుగారు రోసువాస్టాటిన్ చిన్న డోసుతో ఆరంభించారు, దానికి ఆ ఎంజైముతో పెద్దగా పని లేదట. మొన్నటి పరీక్షలో సీపీకే 110, క్రియాటినిన్ 0.9. వచ్చే చెకప్‌లో కొలెస్ట్రాల్ చూసి డోసు పెంచాలో లేదో చెప్తామన్నారు.