రాంపార్ట్ వీధిలో ఒక లాండ్రీ

న్యూ ఆర్లీన్స్ వెళ్లిన వాళ్లంతా బర్బన్ స్ట్రీట్ గురించే చెబుతారు. నాకైతే రెండు సందులు తిరిగేసరికే చిరాకేసింది. పార్కింగ్‌కి 40 డాలర్లు గుంజారన్న మంట ఒకపక్క. ఏ బార్ ముందు నిలబడ్డా గిటార్ల మోత ఇంకోపక్క. టీషర్టుల మీదా గిటార్లే, గోడల మీదా గిటార్లే. రాక్ అండ్ రోల్ పుట్టిన ఊళ్లలో ఇదొకటి కదా, ఇక్కడ దాన్ని నడిపించింది శాక్సోఫోన్ అని ఒక్కడైనా గుర్తుపెట్టుకోడా?

ఆ కోపంతోనే మా బావమరిదిని రాంపార్ట్, డుమైన్ వీధుల మూలకి లాక్కెళ్లాను. ఎదురుగా ఆర్మ్‌స్ట్రాంగ్ పార్క్. ఇవతల పాత ఇటుకల భవనం, లోపల వాషింగ్ మెషీన్లు గిర్రున తిరుగుతున్నాయి.

"బావా, ఇంత దూరం డ్రైవ్ చేసింది లాండ్రీ చూడ్డానికా?" అన్నాడు.

అవును, లాండ్రీయే. ఒకప్పుడు ఇది జె అండ్ ఎం మ్యూజిక్ షాప్. 1940ల మధ్యలో దీని వెనక గదిలో కాజిమో మటాసా రికార్డింగ్ స్టూడియో పెట్టాడు. ఫ్యాట్స్ డామినో తన మొదటి రికార్డు 'ది ఫ్యాట్ మ్యాన్' పాడింది ఇక్కడే, 1949 డిసెంబర్‌లో. 1955 సెప్టెంబర్‌లో లిటిల్ రిచర్డ్ 'టుట్టి ఫ్రుట్టి' అరిచిందీ ఇక్కడే. బయట గోడకి ఒక ఫలకం ఉంది.

డ్రయ్యర్ దగ్గర దుప్పట్లు మడతపెడుతున్న ఒక పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఉతకడానికొచ్చారా, చూడ్డానికొచ్చారా?" అంది. చూడ్డానికే అన్నాను. "అయితే ఆ మెషీన్‌కి అడ్డం తప్పుకోండి" అని నవ్వింది. ఏ పాటంటే ఇష్టమని అడిగితే పేరు చెప్పలేదు, మధ్యలో శాక్స్ వచ్చే చోటు నోటితో వాయించి చూపించింది. చేతిలో దుప్పటి మడత మాత్రం చెదరలేదు. ఆ ఊళ్లో నేను విన్న సంగీతంలో అదే అసలైనదనిపించింది, పైసా ఖర్చు లేకుండా.

అప్పట్లో ఆ స్టూడియో గదిలో అందరూ ఒకేసారి వాయించాలి. తర్వాత దిద్దుకునే వీలు లేదు. ఎవరి మోత ఎక్కువైతే వాళ్లని మైక్‌కి దూరంగా జరపడమే మిక్సింగ్. ట్రంపెట్ వాద్యకారుడు డేవ్ బార్తోలొమ్యూ ఒక క్యూబా తరహా రికార్డులో బేస్ వాయించిన వరస విని, దాన్ని తీసుకొచ్చి శాక్సోఫోన్లకి రాసిచ్చాడు. ఆల్విన్ టైలర్ బారిటోన్, అంటే లావు గొంతు శాక్సోఫోన్, కింద గంభీరంగా మోగుతుంటే, లీ ఆలెన్ టెనార్, అంటే దానికన్నా పై గొంతు శాక్సోఫోన్, పాట మధ్యలో పన్నెండు తాళం ఆవర్తాలు చీల్చుకుంటూ వస్తుంది. డామినో పక్కన హెర్బ్ హార్డెస్టీ అదే పని కాస్త నెమ్మదిగా, తియ్యగా చేసేవాడు. లిటిల్ రిచర్డ్ అంత గోల చేశాక ఇంకొకడు పైచెయ్యి సాధించడం మాటలా? ఆలెన్ సాధించాడు.

రికార్డు మీద పేరు మాత్రం పాడినవాడిదే. వీళ్లకి దక్కింది ఆ సెషన్ డబ్బులు. మా ఊరి పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఆయన గుర్తొచ్చాడు. ఊరేగింపు మొత్తం ఆయన ఊపిరి మీదే నడిచేది, మేం మాత్రం ఆయన్ని 'ఏయ్ బ్యాండూ' అనే పిలిచేవాళ్లం.

"మరి గిటార్‌తో రాక్ అండ్ రోల్ వాయించిన చక్ బెర్రీ?" అన్నాడు మావాడు. వాడికి గిటార్ పిచ్చి. నిజమే, కాదనను. పైగా ఆంప్లిఫయర్లు పెరిగాక నలుగురు కుర్రాళ్లు గిటార్లతో హాలు నింపేస్తుంటే, ఎనిమిది మందికి భోజనాలు పెట్టి ఊరూరా తిప్పేదెవరు? అరవైలకల్లా హార్న్ సెక్షన్, అంటే శాక్సోఫోన్, ట్రంపెట్ లాంటివి ఊదేవాళ్ల గుంపు, చాలా బ్యాండ్లకి మోయలేని ఖర్చు అయిపోయింది. అయినా ముందొచ్చిన చెవులు శాక్సోఫోన్లే అని వాదించుకుంటూ ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్ దాకా నడిచాం.

అక్కడొక చిన్న క్లబ్. టికెట్ లేదు గానీ, సెట్‌కి, అంటే వాళ్లు వాయించే ఒక్కో విడతకి, ఒక డ్రింక్ కొనాలట. కోక్ 6 డాలర్లు! స్టేజీ మీద గిటార్ ఉంది, ట్రాంబోన్ ఉంది, లావుపాటి టెనార్ ఆయనొకడు ఉన్నాడు. సోలో వచ్చేసరికి ఆయన మైక్ పక్కకి తోసేసి వాయించాడు. మొదటి సెట్ అయిపోయాక వెళ్దామంటే మావాడు కుర్చీలోంచి లేవలేదు. ఇంకో రెండు కోక్‌లు చెప్పాడు, డబ్బులు నన్నే ఇమ్మన్నాడు.