కారులో జీపీఎస్ ట్రాకర్: వైరింగ్ అయింది, సెట్టింగుల పని నడుస్తోంది

మా వ్యాగన్ ఆర్‌లో ట్రాకర్ పెట్టే పని ఓ దారికి వచ్చింది. బిగించడానికి పట్టే టైమ్ కంటే, మ్యాప్‌లో కనిపించేది నిజం అయ్యేలా, బండి బ్యాటరీ దిగిపోకుండా ఉండేలా సెట్ చేయడానికే ఎక్కువ ఓపిక కావాలి. షాపులో బిగించి ఇచ్చేవాళ్ళు ఆ రెండో పని జోలికి పోరు, అందుకే వివరంగా రాస్తున్నా.

నేను తీసుకున్నది జీటీ06 ప్రోటోకాల్ (ట్రాకర్, సర్వర్ మాట్లాడుకునే భాష) మీద నడిచే నాలుగు వైర్ల డివైస్. నా దాంట్లో ఎరుపు బ్యాటరీ ప్లస్, నలుపు ఎర్త్, నారింజ ఇగ్నిషన్, పసుపు ఇంజిన్ ఆపే రిలేకి (ఫోన్ నుంచి నడిపే స్విచ్చు లాంటిది). ఆ పసుపు వైరుకి ఏమీ కలపలేదు, కొసకి టేపు చుట్టి వదిలేశా. బండి హైవే మీద స్పీడులో ఉండగా ఎవరి చెయ్యో ఫోన్లో ఆ బటన్ మీద పడితే ఇంజిన్ ఆగిపోతుంది, బ్రేక్ బూస్టర్ సాయం కూడా రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. కారు పోతుందన్న భయం కంటే నాకు ఇది పెద్ద భయం.

డివైస్ 2జీది కాబట్టి జియో సిమ్ పనికిరాదు, వాళ్ళకి 2జీ నెట్‌వర్కే లేదు. ఎయిర్‌టెల్ సిమ్ వేశా. ముందు ఫోన్లో పెట్టి డేటా వస్తోందో లేదో, పిన్ లాక్ ఉందో లేదో చూసుకోండి, డాష్‌బోర్డు మూసేశాక మళ్ళీ విప్పడం విసుగు. కొత్తగా కొనేవాళ్ళు మాత్రం 4జీ డివైసే తీసుకోవడం మంచిది.

పవర్ కోసం ఎక్కడా వైర్లు కోయలేదు. ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతుంది, ఉన్న ఫ్యూజ్ తీసి అందులో ఇది గుచ్చితే పాత ఫ్యూజ్‌తో పాటు మన లైనుకి ఇంకో చిన్న ఫ్యూజ్ పడుతుంది, ట్రాకర్‌కి ఒక ఆంపియర్ చాలు. మల్టీమీటర్ లేకుండా ఈ పనికి దిగొద్దు. తాళం తీసేసినా 12 వోల్టులు ఉండే ఫ్యూజ్ ఎరుపు వైరుకి, తాళం తిప్పితేనే వచ్చేది నారింజకి. ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, సిగరెట్ లైటర్ ఫ్యూజ్ నుంచి తీసుకుంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ లైను ఒక్క క్షణం పోయి వస్తుంది, ట్రాకర్ దాన్ని బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేసినట్టు రాసుకుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా పోని లైను వెతికి పట్టుకోండి, నాకు వైపర్ ఫ్యూజ్ దగ్గర దొరికింది. నలుపు వైరుకి రింగ్ టెర్మినల్ వేసి డాష్ కింద బాడీ బోల్టుకి, రంగు గీకిన చోట బిగించా. అక్కడ పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, వాటిని ముట్టుకోవద్దు, మీటర్ కూడా పెట్టొద్దు.

డివైస్‌ని మీటర్ కన్సోల్ వెనక, పైన ప్లాస్టిక్ మాత్రమే ఉండేచోట, యాంటెనా వైపు ఆకాశానికి ఉండేలా జిప్ టైలతో కట్టా. జీపీఎస్ సిగ్నల్ ప్లాస్టిక్ దాటుతుంది, రేకు దాటదు.

ట్రాకర్ పంపే పాయింట్లని అందుకుని మ్యాప్‌లో చూపే సర్వర్‌కి ట్రాక్‌కార్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా, ఓపెన్ సోర్స్, జీటీ06 డివైసులకి 5023 పోర్టు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో సొంత పబ్లిక్ ఐపీ లేకపోతే బయటి నుంచి ట్రాకర్ మన సిస్టమ్‌ని చేరలేదు, అందుకని చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకున్నా. ఏపీఎన్ (సిమ్ కంపెనీ డేటా నెట్‌వర్క్ పేరు), సర్వర్ అడ్రస్, టైమ్ జోన్ మూడూ ఎస్ఎంఎస్ కమాండ్లతోనే. టైమ్ జోన్ సున్నా పెట్టాలి, భారత సమయం పెడితే మ్యాప్‌లో ప్రతి పాయింటు టైమూ ఐదున్నర గంటలు ముందుకి జరుగుతుంది.

ఇక అసలు పని. 30 సెకన్లకోసారి పాయింటు అంటే సిటీలో బాగానే ఉంటుంది. శ్రీశైలం వెళ్ళినప్పుడు చూస్తే ఘాట్ మలుపులన్నీ కొండని అడ్డంగా కోసుకుంటూ వెళ్ళిన గీతల్లా వచ్చాయి. టైమ్‌తో పాటు తిరిగిన కోణం మీద కూడా పాయింటు పంపే సెట్టింగ్ ఆన్ చేశాక, తిరుగు ప్రయాణంలో గీత రోడ్డు మీదే నడిచింది. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవిలో సిగ్నల్ పోయినా బాధ లేదు, డివైస్ పాయింట్లు దాచుకుని సిగ్నల్ రాగానే వరసగా పంపేసింది, ఆ దారి మొత్తం మ్యాప్‌లో నిండుతుంటే చూడటం భలే సంతోషంగా ఉండింది.

సెల్లార్ పార్కింగ్ సంగతి ఇంకా తేలలేదు. శాటిలైట్ తన కక్ష్య వివరాలని 30 సెకన్లకోసారి పంపుతుంది, అవి కొన్ని గంటలకే పాతబడతాయి, ట్రాకర్ వాటిని మళ్ళీ అందుకోవాలి, కాబట్టి రాత్రంతా కింద ఉన్న బండి పొద్దున పైకొచ్చాక మొదటి పాయింటు మా గేటు దగ్గర కాకుండా మెయిన్ రోడ్డు మీద పడుతోంది. బండి ఆగి ఉన్నప్పుడు పక్క వీధిలోకి దూకే పాయింట్లని మాత్రం, ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంటే లొకేషన్ మార్చొద్దని పెట్టి ఆపగలిగా.

బ్యాటరీ లెక్క కూడా చూసుకోండి. ఎరుపు వైరుకి మీటర్ సిరీస్‌లో పెడితే మేలుకుని ఉన్నప్పుడు సుమారు 50 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది, అంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో బండి సొంత వాడకం కూడా కలుపుకుంటే, రెండు వారాలు ఊరెళ్ళి వచ్చాక సెల్ఫ్ తిరగడం కష్టమే. స్లీప్ మోడ్ పెట్టాక అది పదో వంతుకి దిగింది, వైబ్రేషన్ తగిలితే లేస్తుంది. బండి తీసే నాన్నకీ తమ్ముడికీ ట్రాకర్ ఉందని ముందే చెప్పా, వాళ్ళ ఫోన్లలోనూ లాగిన్ ఇచ్చా, చెప్పకుండా పెట్టడం నాకు ఇష్టం లేదు.

తర్వాతి పని బ్యాటరీ వోల్టేజీ 12.2 కంటే కిందికి వస్తే ఫోనుకి అలర్ట్ వచ్చేలా చేయడం. ఈ డివైస్ వోల్టేజీని సర్వర్‌కి పంపుతోంది, ట్రాక్‌కార్‌లో దానికి తగ్గ రూల్ రాయాలి.