లోపల వదిలే అంగుళం బట్ట

పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున, అంగడి ముందు నీళ్లు చల్లి ముగ్గు వేస్తుండగానే ఒక పెళ్లికూతురు వాళ్లమ్మతో వచ్చింది. ముహూర్తానికి ఇరవై రోజులే ఉంది. "ఆది జాకెట్టు తెచ్చినావామ్మా?" అని అడిగితే ఫోన్ తీసి చూపించింది. ర్యాంప్ మీద నడుస్తున్న మోడల్. భుజాల మీద ఏమీ లేని కార్సెట్ జాకెట్టు, లోపల పుల్లలు పెట్టి నడుము దాకా బిగించింది. దాని మీద ఆర్గంజా చీర. "అక్కా, అచ్చం ఇట్లనే కావాల. రవంత కూడా తేడా రాకూడదు."

ఆ పాపను లేచి నిలబడమన్నాను. "జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చేతులు ఎట్లా ఎత్తుతావో అట్లా ఎత్తు." ఎత్తింది. "ఇప్పుడు తలంబ్రాలు పొయ్యి." నవ్వుతూ ఉత్త దోసిలి పట్టి వాళ్లమ్మ తల మీద పోసింది. "ఆ ఫోటోలో అమ్మాయి ఈ రెండు పనులూ చెయ్యలేదు," అన్నాను. చేతులు కిందికి వేసుకొని కాసేపు నడవడానికి కుట్టిన జాకెట్టు అది. మన పెళ్లికూతురు పీటల మీద గంటలు గంటలు కూర్చుంటుంది, వంగి కాళ్లకు మొక్కుతుంది, అక్షింతలు వేసే ప్రతి ముసలమ్మనూ కౌగిలించుకుంటుంది.

తిరుపతి కొర్లగుంటలో నాది చిన్న కుట్టు అంగడి. 22 ఏళ్లుగా జాకెట్లు, లంగా ఓణీలు, పట్టు పావడాలు కుడుతున్నాను. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో ఫ్యాషన్ షోలు చూస్తాను. కొత్త కలెక్షన్ వచ్చిందంటే నిద్ర పట్టదు. మోడల్ వెనక్కి తిరిగే క్షణంలో వీడియో ఆపి, వీపు మీద కుట్టు ఎట్లా పోయిందో, చంక దగ్గర బట్ట ముడుచుకుందా లేదా అని పెద్దది చేసి చూస్తాను. ముందు వైపు మెరుపుకు కళ్లు చెదురుతాయి. కుట్టినవాళ్ల చెయ్యి ఎట్లాంటిదో తెలిసేది వెనకవైపునే.

చంక రౌండు గురించి ఒక మాట చెప్పాలి. కిందికి దించి వదులుగా కోస్తే చెయ్యి బాగా ఆడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దించేకొద్దీ చెయ్యి లేపినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. చంకకు దగ్గరగా, గుచ్చుకోకుండా కోస్తేనే చెయ్యి వేరుగా, ఒళ్లు వేరుగా కదులుతాయి. చేతి ముక్క పైన గుండ్రం ఎత్తుగా ఉంటే నిలబడినప్పుడు ముడతలేకుండా అందంగా ఉంటుంది కానీ చెయ్యి లేవదు. ఎత్తు తగ్గిస్తే చంక దగ్గర రెండు ముడతలు వస్తాయి, చెయ్యి మాత్రం హాయిగా లేస్తుంది. ఆ రెండు ముడతలు ఉండాల్సినవే. ఫోటోలకు అలవాటు పడిన కళ్లకు అవి తప్పుగా కనిపిస్తున్నాయి, అదే నా బాధ.

నేను నగరిలో పుట్టాను. మా నాన్న మరమగ్గం మీద పని చేసేవాడు. ఇంట్లో బట్టకు విలువ ఎక్కువ, కొనే స్తోమత తక్కువ. నాకు ఏడేళ్లప్పుడు సంక్రాంతికి ఒక పట్టు పావడా కుట్టించారు, నేరేడుపండు రంగు, కింద ఆకుపచ్చ అంచు. లోపలివైపు మూడు మడతలు వేసి కుట్టింది మా అమ్మ. ఏడాదికో మడత విప్పేది. విప్పిన చోట పాత కుట్టు గీత సన్నగా కనిపిస్తుంది, దాని పైన బట్ట కొంచెం వెలిసి ఉంటుంది, కొత్తగా బయటికి వచ్చిన పట్టీ మాత్రం కొన్న రోజున్నంత నిండు రంగులో ఉంటుంది. నాలుగు సంక్రాంతులు ఆ పావడానే కట్టుకున్నాను. ప్రతి ఏడూ అందులో ఒక కొత్త పట్టీ ఉండేది కాబట్టి నాకు అది పాతబట్టగా ఎప్పుడూ అనిపించలేదు. కుట్టు నేర్చుకోవాలని అనిపించింది అప్పుడే. బట్ట లోపల అమ్మ నా ఎత్తును ముందే దాచి పెట్టిందని ఆ వయసులోనే అర్థమైంది.

ఇప్పుడు రెడీమేడ్ జాకెట్లు నా బల్ల మీదికి ఆల్టరేషన్‌కు వస్తున్నాయి. ఆన్‌లైన్‌లో ఐదారు వేలు పెట్టి కొన్నవి కూడా. తిరగేసి చూస్తే కుట్టు పక్కన పావు అంగుళం కూడా ఉండదు. ఓవర్‌లాక్ కొట్టి, అంటే అంచు దారాలు ఊడకుండా మిషన్‌తో చుట్టుకుట్టు వేసి, మిగిలింది కత్తిరించేసి ఉంటారు. లూజు చేయాలంటే ఎక్కడినుంచి తెచ్చేది? మొన్న ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుంది. కాన్పు తరవాత ఒళ్లు వచ్చింది, చెల్లెలి పెళ్లికి అదే వేసుకోవాలని ఆశ. చంక కింద వేరే బట్టతో ముక్క వేసి ఇచ్చాను. వేసుకుంది, కానీ ఆ ముక్క కనపడకుండా ఫోటోల్లో చెయ్యి దించుకునే నిలబడిందట. ఒళ్లు మారినందుకు మనిషి సిగ్గు పడాల్సి రావడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. ఈ కాలపు ఫ్యాషన్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. రంగుల మీద, మెడల మీద, వీపు ఎంత కనిపిస్తోందన్న దాని మీద నాకేమీ లేదు.

గొప్ప డిజైనర్ల పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. 2020 జనవరిలో పారిస్ ఓట్ కుట్యూర్ వారంలో, అంటే చేత్తో కుట్టిన ఖరీదైన బట్టల ప్రదర్శనల్లో, మన దేశం నుంచి మొదటిసారి రాహుల్ మిశ్రా చూపించిన బట్టలను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆకులూ పువ్వులూ గుడ్డ మీద అతికించినట్టు కాకుండా గుడ్డలోంచే మొలిచినట్టు ఉంటాయి ఆయన చేయించే ఎంబ్రాయిడరీలో. 2024 మే నెలలో న్యూయార్క్‌లో మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకలో ఆలియా భట్ కట్టిన, డిజైనర్ సబ్యసాచి చేసిన చీర గుర్తుందా, లేత పుదీనా ఆకు రంగుది, వెనక పొడవాటి కొంగుతో? దానికి 163 మంది 1,965 గంటలు పని చేశారని బయటికి చెప్పారు. తలా 12 గంటలు. ఆ చీర కంటే ఆ లెక్క చెప్పడం నాకు ఎక్కువ నచ్చింది. మా మగ్గం వర్క్ చేసే పిల్లలు ఇద్దరు కూర్చుంటే ఒక భారీ జాకెట్టుకు నాలుగైదు రోజులు పడుతుంది, మెడ వంచితే సాయంత్రానికి గానీ ఎత్తరు. ధర చెబితే "ఇంత జాస్తి ఎందుకు?" అంటారు. అందుకే ఇప్పుడు బిల్లు మీద ఎంతమంది, ఎన్ని గంటలు పనిచేశారో రాసి ఇస్తున్నాను. రాసినప్పటినుంచి బేరం తగ్గింది. ఒకామె ఆ పిల్లలకు స్వీట్లు తెచ్చిచ్చింది కూడా.

2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా అనే ఇటలీ ఫ్యాషన్ కంపెనీ మగవాళ్ల షోలో అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి వేసుకొని మోడళ్లు నడిచారు. అవి ఎక్కడివో మొదట చెప్పలేదు. ఇక్కడ గొడవ లేచాక, భారతీయ చేతిపనినుంచి ప్రేరణ పొందామని ఒప్పుకున్నారు. అప్పుడు నాకూ కోపం వచ్చింది. కానీ కలంకారీకి పేరున్న శ్రీకాళహస్తి మనకు బస్సులో గంట ప్రయాణం. కలంకారీ అని మన బజార్లలో మీటర్ల లెక్కన అమ్ముతున్న బట్టలో మిషన్ మీద అచ్చేసింది ఎంత ఉందో ఎప్పుడైనా చూశారా?

నిజమైన పని ఎట్లా ఉంటుందో ఒక్కసారి వెళ్లి చూడండి. గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెడితే కసిమి అనే నల్లరంగు ద్రవం తయారవుతుంది. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి చేసిన కలాన్ని అందులో ముంచి గీస్తే, కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ గీత నల్లబడుతుంది. పటిక పూసిన చోట ఎరుపు పట్టుకుంటుంది. మధ్య మధ్యలో పారే నీళ్లలో ఉతకాలి, అక్కడి స్వర్ణముఖి నదిలో నీళ్లుంటే పండగే. పనికి ఎన్ని దశలో అన్ని ఎండలు. ఈ విద్యకే జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. కలం ఎక్కడ మళ్లీ ముంచారో నా కళ్లకు తెలిసిపోతుంది. కొత్త గుడ్డ అయితే పాల వాసన కూడా పోదు. ప్రింటు వద్దని నేను అనను. ఐదు వందల్లో జాకెట్టు కావాలనుకునే పిల్లకు ప్రింటే దారి. ప్రింటుకు ప్రింటు అని పేరు పెట్టి అమ్మండి, అంతే. నా దగ్గర రెండూ ఉన్నాయి, రెండు వేరు అరల్లో.

రంగుల సంగతి. ప్రతి డిసెంబరులో పాంటోన్ అనే రంగుల సంస్థ రాబోయే ఏడాది రంగు ప్రకటిస్తుంది. 2025కు మోకా మూస్ అన్నారు, మా అంగట్లో అది కాఫీపొడి రంగు. 2026కు క్లౌడ్ డాన్సర్, అంటే తెలుపు. ఆ వార్త చూసి ఒక అమ్మాయి పెళ్లికి తెల్లచీర అడిగితే వాళ్ల అవ్వ ఒప్పుకోలేదని నా దగ్గరికి పంచాయితీ వచ్చింది. "మధుపర్కాలు ఏం రంగు అవ్వా?" అని అడిగాను. తెల్లబట్టకు ఎర్రంచు. అవ్వ మెత్తబడింది. వెంకటగిరి నూలు చీరలో తెలుపు తీసుకోమన్నాను, సన్న ఎర్రంచుతో, జాందానీ బుటాలతో, అంటే మగ్గం మీదే చేత్తో నేసిన పూలతో. వెంకటగిరి ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోదే. ఆ జాందానీ బుటా చీరకు రెండువైపులా ఒకేలా ఉంటుంది. లోపలివైపును ముందు చూసే నాకు అంతకంటే ఏం కావాలి? హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా జాందానీని ర్యాంపుల మీదికి తీసుకుపోయి ఎంత మేలు చేశారో. మే నెలలో తిరుపతి ఎండకు పాలిస్టర్ ఆర్గంజా కట్టుకొని చెమటతో ఉడికిపోయే పిల్లలను చూసినప్పుడల్లా ఆ నూలు గుర్తొస్తుంది.

కుట్టేసిన చీరలు, అంటే లంగాలా తొడుక్కునేవి, వాటి మీద నాకు వ్యతిరేకత లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మలకు, పొద్దున ఏడింటికే ఉద్యోగానికి పరిగెత్తే పిల్లలకు అవి వరం. అయితే చీరను కత్తిరించి కుట్టేది నేను చెయ్యను. కుచ్చిళ్లు సర్ది, నడుము పట్టీకి చేత్తో టాకాలు వేసి ఇస్తాను. వద్దనుకుంటే దారం లాగితే చాలు, ఐదున్నర మీటర్ల చీర మళ్లీ చీరే. అవ్వ చీర మనవరాలికి పోవాలంటే మధ్యలో కత్తెర పడకూడదు.

మగవాళ్లు చీరలు, స్కర్టులు కట్టుకొని ర్యాంప్ మీద వస్తే కొత్త ట్రెండ్ అంటున్నారు. మన గంగజాతరలో మొక్కు తీర్చుకోవడానికి మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకొని తాతయ్యగుంట గంగమ్మ దగ్గరికి పోవడం ఈ ఊళ్లో పుట్టిన ప్రతి ఒక్కరూ చూసిందే. జాతర వారంలో నా దగ్గరికి కూడా కుర్రాళ్లు కొలతలకు వస్తారు. వాళ్లకు భుజం వెడల్పుగా పెట్టాలి. ముందువైపు ఎత్తు కోసం వేసే డాట్లు, అంటే చిన్న మడత కుట్లు, అక్కర్లేదు. ఎంత భక్తిగా నిలబడి కొలతలిస్తారో.

ఆ శుక్రవారం పిల్లకు చివరికి ఏం కుట్టానంటే: ముందువైపు ఫోటోలో ఉన్నట్టే కార్సెట్ రూపం, ప్రిన్సెస్ కట్ ముక్కలతో, అంటే డాట్లు లేకుండా పైనుంచి కిందిదాకా పొడవాటి ముక్కలు కలిపి. పుల్లలు తీసేసి, గట్టి నూలు లైనింగ్ రెండు పొరలు వేశాను. భుజాలకు ఆర్గంజా చేతులు, గుండ్రం ఎత్తు తగ్గించి. వెనక రెండు వరసల కాజాలు. పక్క కుట్ల లోపల ఒకటిన్నర అంగుళం బట్ట వదిలి, దాని మీద విప్పడానికి తేలికగా మూడు కుట్టు గీతలు.

ట్రయల్‌కు వచ్చి వేసుకుంది. ఎవరూ చెప్పకముందే అద్దం ముందు చేతులు పైకెత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. జాకెట్టు నడుము దగ్గర కదల్లేదు. తీసేశాక తిరగేసి లోపల చూసి, "ఇంత బట్ట ఎందుకు వదిలినావక్కా, కత్తిరించేయొచ్చు కదా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే వాళ్లమ్మ అందుకుంది. "నీ సీమంతానికి ఏం తొడుక్కుంటావే?"