దిగబడ్డ ఖాతా: ఫోర్ బై టూనా, ఫోర్ బై ఫోరా

2025 జూన్ 22, ఆదివారం

తాడ్వాయి మండలంలోని దామరవాయికి వెళ్లి రాక్షస గుళ్లు (పెద్ద రాతి పలకలతో కట్టిన పాతకాలపు సమాధులు) చూసి వచ్చాం. వచ్చేటప్పుడు ఒక గుంతలో మా పాత హ్యాచ్‌బ్యాక్ కడుపు మళ్లీ రాసుకుంది, ఈ ఏడాది ఇది మూడోసారి. పాత రాళ్లు, చెరువు కట్టలు, మత్తడులు చూస్తూ తిరగడం నా పిచ్చి. ఇంట్లో ఆరుగురం. అమ్మానాన్నలను కూడా తీసుకెళ్లాలంటే ఏడు సీట్ల బండి కావాల్సిందే, అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఫోర్ బై ఫోర్ (ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ అందే బండి) కావాలా, ఫోర్ బై టూ (రెండు చక్రాలకే అందేది) చాలా అన్న దగ్గరే. హన్మకొండలో అడిగితే ఒకే మోడల్‌కు రెండు లక్షలకు అటూ ఇటూ తేడా చెప్పారు. పైగా ఫోర్ బై ఫోర్ పెట్రోల్‌లో రాదట, డీజిలే తీసుకోవాలట.

బామ్మర్దికి పాత ఫోర్ బై ఫోర్ ఉంది. "బావా, అంత పెద్ద బండి కొని ఎన్క చక్రాలే తిరుగుతయంటే నలుగురు నవ్వరా?" అన్నాడు. నలుగురి సంగతి పక్కన పెట్టి, ఈ రోజు నుంచి ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను: ఎక్కడికి పోయాం, ఎన్ని కిలోమీటర్లు, అందులో తారు ఎంత, మట్టి ఎంత, ఎక్కడ దిగబడ్డాం, ఎట్లా బయటపడ్డాం.

జూలై 13

మొదటి దిగబాటు. పరకాల దాటాక పత్తి చేల మధ్య బండ్ల బాట. పైకి ఆరినట్టే ఉంది, పది గజాలు పోగానే స్టీరింగ్ చేతిలో తేలిపోయింది. ట్రాక్టర్ పెద్దాయన నవ్వాడు: "సారూ, ఇది రేగడి. వాన వడ్డదంటే మా ఎడ్లబండ్లే దిగయి, నీ కారెట్ల పోతది?" గుంజినందుకు 500 తీసుకున్నాడు.

ముందు చక్రాలు తిరిగే బండి కాబట్టే ఇట్లా అయిందని ఆ రోజు గట్టిగా నమ్మాను.

ఆగస్టు 24

అదే బాట, ఈసారి బామ్మర్ది ఫోర్ బై ఫోర్. రాత్రి వాన పడింది. వాడు ధీమాగా 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం, మామూలు వేగం) వేశాడు. నేను ఆగిన చోటి నుంచి ఇంకో పదిహేను గజాలు పోయాం, అంతే. నాలుగు చక్రాలూ చక్కగా తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలదు. దిగి చూస్తే టైర్ల గాడులన్నీ నల్లమట్టితో పూడిపోయి బూరెల్లా నున్నగా ఉన్నాయి. అవి మామూలు రోడ్డు టైర్లు. గాడుల్లో మన్ను ఇరుక్కోని టైరు లేనప్పుడు ఎన్ని చక్రాలకు పవర్ ఇచ్చినా ఒకటే. అదే పెద్దాయన, అదే ట్రాక్టర్, ఈసారి 800. బండి బరువట.

ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నది కాస్త రాసుకుంటున్నా. మామూలు డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉన్న ఇరుసులో ఒక చక్రం ఉత్తగా తిరగడం మొదలుపెడితే రెండో చక్రానికి కూడా బలం అందదు. ఫోర్ బై ఫోర్‌లోనూ ముందొకటి, వెనకొకటి పట్టు తప్పితే కథ అక్కడే ఆగుతుంది, డిఫరెన్షియల్ లాక్ గానీ, జారే చక్రానికి దానంతట అదే బ్రేకు పట్టే ఏర్పాటు గానీ ఉంటే తప్ప.

సెప్టెంబర్ 22

పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ ఈ రోజు నుంచి 40 శాతం. నిన్నటిదాకా సెస్సుతో కలిపి 50 దాకా ఉండేది. దీంతో ఇంట్లో అందరి చూపూ నా నోట్‌బుక్ మీద పడింది. "ఇంకెంతకాలం రాస్తవు?" అని నాన్న. దసరాకే కొనాలని పిల్లలు. ఆగాను.

అక్టోబర్ 12

ఈ ఖాతాలో అన్నిటికంటే పనికొచ్చిన రోజు. హసన్‌పర్తి అవతల గుట్ట వాలున ఎర్రమట్టి బాట, వాన నీళ్లు కోసిన గండ్లు. బామ్మర్ది బండినే ఒకే ఎత్తు మీద మూడు రకాలుగా ఎక్కించాం.

2హెచ్ (వెనక రెండు చక్రాలకే బలం): సగంలో ఎడమ వెనక చక్రం గాల్లో వేలాడి ఊరికే తిరిగింది. వెనక్కి వచ్చి ఊపుతో పోతే ఎక్కింది కానీ కింద రాయి తగిలిన చప్పుడుకు బామ్మర్ది మొహం మాడిపోయింది. 4హెచ్: ఎక్కింది, పైకి చేరేసరికి క్లచ్ వాసన. 4ఎల్ (నాలుగు చక్రాలకూ బలం, వేగం తక్కువ, లాగే శక్తి ఎక్కువ), మొదటి గేరు: మనిషి నడిచినంత వేగంతో, ఊపు లేకుండా ఎక్కేసింది. అంతకంటే నన్ను కట్టిపడేసింది దిగుడు. బ్రేకు మీద కాలే లేదు, ఇంజనే బండిని పట్టుకుని మెల్లగా దించింది. తడి గుట్ట మీద బ్రేకు తొక్కితే చక్రాలు బిగిసి జారతాయి కదా, ఆ టెన్షనే లేదు. ఆ సాయంత్రానికి నేను ఫోర్ బై ఫోర్ మనిషినైపోయాను.

తిరుగు దారిలో వాడు 4హెచ్ తీయడం మరిచి తారు రోడ్డెక్కాడు. మలుపులో స్టీరింగ్ బిగుసుకుంది. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం పోవాలి. ఈ రకం బండిలో 4హెచ్ వేస్తే రెండు ఇరుసులూ ఒకటిగా బిగుసుకుంటాయి. మట్టి మీదైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, ఆరిన తారు మీద ఆ ఒత్తిడంతా గేర్ల మీదే పడుతుంది. తడి తారు మీద వేగంగా పోయేటప్పుడు ఆగడానికి కూడా ఫోర్ బై ఫోర్ సాయపడదు, బ్రేకులు అన్ని బండ్లకూ నాలుగు చక్రాలకే.

నవంబర్ 16

లక్నవరం వైపు పోతే ఒక లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతున్నాయి. వెనక్కి తిరిగాం. పారే నీళ్లు రెండడుగులుంటే ఎంత బండినైనా లేపుతాయి. నోట్‌బుక్‌లో ఈ రోజు గడిలో "ఫోర్ బై టూ, ఫోర్ బై ఫోర్ ఏదీ పనికిరాదు" అని రాశా.

డిసెంబర్ 14

ఏటూరునాగారం దగ్గర గోదావరి ఇసుక. మా హ్యాచ్‌బ్యాకే. ఇరుసు దాకా కూరుకుపోయింది. టైర్లలో గాలి 33 పీఎస్‌ఐ నుంచి 18కి దించి, చక్రాల ముందు ఇసుక చేత్తో తోడి, రెండో గేరులో మెల్లగా వదిలితే వచ్చేసింది. ట్రాక్టర్ లేదు, ఖర్చు లేదు. పంక్చర్ షాపు దాకా పాకినట్టే వచ్చాం, తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. వెంటనే 12 వోల్టుల గాలి పంపు కొన్నాను.

అన్నట్టు, ఇక్కడి అడవి 1953 నుంచి అభయారణ్యం. బండి ఏదైనా బాట దిగి లోపలికి పోకూడదు.

2026 జనవరి 4

లెక్క తీశాను. 23 ప్రయాణాలు, మట్టి, ఇసుక, రాయి అన్నీ కలిపినా 140 కిలోమీటర్లు దాటలేదు. దిగబడింది నాలుగుసార్లు: రేగడి రెండుసార్లు, ఇసుక ఒకసారి, గుట్ట ఒకసారి. ఫోర్ బై ఫోర్ ఉండి తీరాల్సింది గుట్ట దగ్గరే, అదీ మేం కావాలని ఎక్కింది. ఆ ఎత్తుకు అమ్మానాన్నలను ఎట్లాగూ తీసుకెళ్లను. ఆ దిగుడు మాత్రం ఇప్పటికీ కళ్లల్లోనే ఉంది, అబద్ధం ఎందుకు.

వెనక చక్రాల ఫోర్ బై టూ డీజిల్ బుక్ చేశాను. ఆరుగురూ సామానూ ఎక్కితే బరువు వెనక ఇరుసు మీదే పడుతుంది, ఎత్తులో పట్టు బాగుంటుంది. మిగిలిన డబ్బులో కొంత ఆల్ టెర్రైన్ టైర్లకు (తారు మీదా మట్టి మీదా నడిచే లోతు గాడుల టైర్లు), అదే సైజులో. వాటితో వారంటీకి ఇబ్బంది లేదని షోరూంలో కాగితం మీద రాయించుకున్నా. పార, లాగే పట్టీ, జారకుండా చక్రాల కింద వేసే రెండు పలకలు కూడా. అమ్మ ఎక్కడానికి పక్కన మెట్టు పెట్టిస్తే బండికీ నేలకూ మధ్య ఎత్తు కొంచెం తగ్గుతుంది, అయినా పెట్టిస్తున్నా.

మేడారం జాతర ఈ నెల 28న మొదలు. అంతకు ముందే బండి వస్తే అందరం ఒకసారి పోయి రావాలి. బామ్మర్ది రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు.