కొబ్బరి చిప్ప

"ఇవేంటక్కా మరి?" అంటూ ఆశా కార్యకర్త మా తులసికోట వెనక నుంచి కొబ్బరి చిప్ప తీసి చూపించింది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే వాన నీళ్లలో సన్నటి పురుగులు, తలకిందులుగా వేలాడుతూ.

నిన్న సాయంత్రమే మా వీధిలో దోమల మందు పొగ బండి తిరిగింది. "ఇప్పటికి గుర్తొచ్చామా?" అని వీడియో తీసి గ్రూపులో పెట్టింది నేనే. నాలుగిళ్లలో డెంగీ వచ్చాక గానీ బండి రాలేదు మరి. ఆ కోపం ఇంకా పోలేదు.

కానీ పొగకి ఎగిరే దోమలే చస్తాయట. నీళ్లలో ఉన్నవాటికి ఏమీ కాదు, వారం పది రోజుల్లో అవీ రెక్కలొచ్చి ఎగురుతాయి. పైగా ఈ డెంగీ దోమకి మురుగు కాలవ అక్కర్లేదు, ఇలాంటి మంచి నీళ్లు చాలు. కుట్టేది కూడా ఎక్కువగా పగలే. నేనేమో రాత్రిళ్లు కాయిల్ వెలిగించి నిశ్చింతగా ఉన్నాను!

శుక్రవారం డ్రై డే, నిల్వ నీళ్లు పారబోసి ఆరబెట్టండి అని చెత్త బండి మైకులో ఎన్నిసార్లు విన్నానో. కుండీలూ డ్రమ్ములూ ఉన్నవాళ్ల కోసమేమో అనుకున్నాను.

చిప్ప బోర్లించి, "ఫ్రిజ్ వెనక ట్రే కూడా ఓసారి చూద్దామక్కా" అంది.

అక్కడో ట్రే ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది.